జలాశయంలో పడవకు అనుమతి ఉండి ఈతకు ఎందుకు లేదు? పిల్లలతో వెళ్లవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీ నగరానికి తాగునీరు అందించే జలాశయంలో కొంత భాగాన్ని ప్రజల కోసం తెరిచారు. పడవలకు అనుమతి ఉంది, ఈత నిషిద్ధమని బోర్డు ఉంది. మీరు గాలి నింపుకునే కయాక్‌లు రెండు కొన్నారు. ఎనిమిదేళ్ల పాప, పదకొండేళ్ల బాబు ఉన్నారు. నలుగురికీ స్విమ్మింగ్ పూల్‌లో ఈత వచ్చు. నీళ్లు అంత నిశ్చలంగా ఉన్నప్పుడు పడవ వేసుకోనిచ్చి ఈత కొట్టనివ్వకపోవడంలో అర్థమేమిటని, ఒడ్డు పక్కనే కాసేపు దిగితే నష్టమేమిటని అడిగారు. పాపకు విడిగా ఒక పడవ ఇవ్వవచ్చా అని కూడా అడిగారు.

సూటిగా చెబుతాను. తప్పకుండా వెళ్లండి, లైఫ్ జాకెట్లు వేసుకుని పడవ నడపండి, ఈతకు మాత్రం ఒడ్డు పక్కన కూడా దిగకండి. నేను చాలా ఏళ్లుగా జలాశయాల్లో కయాకింగ్ నేర్పుతున్నాను, ఆపదలో చిక్కుకున్నవారిని బయటకు తెచ్చే బృందాలతోనూ పనిచేశాను. ఆ నిషేధం మీ ఈతను శంకించి పెట్టినది కాదు. జలాశయం చూడడానికి చెరువులా ఉన్నా, అది గేట్లతో, తూములతో, పైపులతో నడిచే కట్టడం. అందులో నీరు ఎంత ఉండాలో, ఎప్పుడు ఎటు పోవాలో నగరపు అవసరాన్ని బట్టి, ఎగువ నుంచి వచ్చే వరదను బట్టి నిర్ణయిస్తారు. గేటు తిప్పే మనిషికి మీరు నీళ్లలో ఉన్నారన్న సంగతి తెలిసే అవకాశం లేదు.

మొదట ఒడ్డు గురించి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది ధైర్యంగా దిగేది అక్కడే. సహజమైన సరస్సు ఒడ్డును అలలు ఎంతో కాలంగా అరగదీసి ఉంటాయి కాబట్టి చాలాచోట్ల లోతు మెల్లగా పెరుగుతుంది. జలాశయం అలా కాదు, అది నీట మునిగిన లోయ. ఇప్పుడు మీకు ఒడ్డుగా కనిపిస్తున్నది నిన్నమొన్నటి వరకు కొండవాలు, పొలంగట్టు, లేదా ఆనకట్ట కోసం మట్టి తవ్వుకున్న గుంత. మోకాలి లోతులో నాలుగు అడుగులు వేసి అయిదో అడుగు వేసేసరికి కాలికి నేల అందకపోవచ్చు. పాత బావులు, గోడలు, కొట్టి వదిలేసిన చెట్ల మొదళ్లు అడుగున అలాగే ఉంటాయి. పైగా నీటిమట్టం స్థిరంగా ఉండదు. నిండుగా ఉన్నప్పుడు మీవాళ్లు సురక్షితంగా దూకిన చోటే, కొన్ని వారాల తర్వాత నడుము లోతున బండరాయి ఉండవచ్చు. నీరు మసకగా ఉంటే అది పైకి కనిపించదు.

నీటిమట్టం తగ్గినప్పుడు బయటపడే పూడిక దీనికంటే మోసకారి. నది వచ్చి జలాశయంలో కలిసే తలభాగంలో నీటి వేగం తగ్గిపోతుంది కాబట్టి, అది మోసుకొచ్చిన ఒండ్రు అక్కడే దిగబడుతుంది. నీరు వెనక్కి వెళ్లాక పైపొర ఎండి నెర్రెలు విచ్చి, నడవడానికి వీలైన గట్టినేలలా కనిపిస్తుంది. దాని కింద మెత్తటి బురద అలాగే ఉంటుంది. ఒకసారి మీ బాబు వయసు పిల్లవాడు అలాంటి చోట తొడల దాకా దిగబడిపోయాడు. తండ్రి చంకల కింద చేతులు వేసి గట్టిగా లాగుతున్నాడు. లాగిన ప్రతిసారీ పాదం కింద ఖాళీ ఏర్పడి, బురద దాన్ని ఇంకా బిగించి పట్టుకుంటోంది. మేము ఆయనను ఆపించి, రెండు పడవల అడుగు పలకలు బురద మీద పరిచి, పిల్లవాణ్ణి వాటి మీదికి వెల్లకిలా వాల్చాం. సీసాలతో నీళ్లు తెచ్చి కాలి వెంట నెమ్మదిగా పోస్తూ, ఆ నీరు పాదం దాకా దిగేలా కాలిని అటూ ఇటూ చిన్నగా కదపమన్నాం. చాలాసేపు పట్టింది, చెప్పులు రెండూ లోపలే ఉండిపోయాయి, కాళ్లు మాత్రం బయటికి వచ్చాయి. మీలో ఎవరైనా అలా దిగబడితే నిలబడి పెనుగులాడకూడదు. వెనక్కి వాలి బరువును వీలైనంత విశాలంగా పరచాలి, కాళ్లను ఒక్కొక్కటిగా విడిపించుకోవాలి.

ఇక నీటిలోపలి వేడి. లోతైన జలాశయంలో వేసవిలో నీరు పొరలుగా ఏర్పడుతుంది. ఎండకు పైపొర వేడెక్కి తేలికై పైనే నిలుస్తుంది, కింద చల్లటి బరువైన నీరు ఉంటుంది, రెండింటి నడుమ కొద్ది మీటర్లలోనే ఉష్ణోగ్రత గబుక్కున పడిపోతుంది. పైన గోరువెచ్చగా ఉందని లోపలికి మునిగినవారికి ఆ చలి హఠాత్తుగా తగులుతుంది. సుమారు 15 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లటి నీటిలో ఒక్కసారిగా పడిన శరీరం తనంతట తానే పెద్దగా ఊపిరి పీల్చుకుంటుంది. ఆ క్షణంలో ముఖం నీటి కింద ఉంటే లోపలికి పోయేది నీరే. ఇది ఈత వచ్చినవారికీ, రానివారికీ సమానంగా జరుగుతుంది. అలాంటప్పుడు ఈదడానికి ప్రయత్నించకుండా, వెల్లకిలా తేలుతూ ఊపిరి అదుపులోకి వచ్చేదాకా ఆగాలి; సాధారణంగా ఒకటి రెండు నిమిషాల్లో అది తగ్గుతుంది. చలి ప్రాంతాల్లో ఈ ప్రమాదం ఎక్కువ. వేడి ప్రాంతాల్లో తక్కువే, కానీ ఎత్తయిన చోట్ల కట్టిన లోతైన జలాశయాల్లో అక్కడ కూడా మరిచిపోరాదు.

కట్టడాల దగ్గరికి అసలు వెళ్లకండి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను. నగరానికి నీరు తీసుకునే ఇన్‌టేక్ టవర్, తూములు, ఎక్కువైన నీటిని దిగువకు వదిలే స్పిల్‌వే, పంప్‌హౌస్ చుట్టూ బోయాలు, అంటే నీటి మీద తేలే గుర్తులు, కట్టిన తాడు ఉంటుంది. ఆ తాడే మీకు సరిహద్దు. తూము నోరు లోతున ఉంటుంది కాబట్టి అది నీరు పీలుస్తున్నా ఉపరితలం అద్దంలా ఉంటుంది. దాని బలం ఎంతో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. 10 మీటర్ల లోతున, అవతల నీరు లేని ఒక చదరపు మీటరు ద్వారం మీద నీరు మోపే బరువు సుమారు 10 టన్నులు. మనిషి శరీరమో, కాలో దానికి అడ్డుపడితే చేతులతో లాగి విడిపించడం అసాధ్యం. గేటు మూసి రెండు వైపులా ఒత్తిడి సమానం చేస్తే తప్ప విడివడదు. స్పిల్‌వేల దగ్గరా, దిగువన ఉండే చిన్న అడ్డుకట్టల దగ్గరా ఇంకో ప్రమాదం ఉంది. పైనుంచి దూకిన నీరు కింద సుడి తిరిగి మళ్లీ గోడవైపే వెనక్కి వస్తూ ఉంటుంది. అందులో పడినదాన్ని, చెట్టుదుంగైనా మనిషైనా, బయటికి వదలకుండా అక్కడక్కడే తిప్పుతుంది. గోడ ఎత్తు మీ నడుము దాకే ఉన్నా చూసి మోసపోకండి.

ఆనకట్టకు దిగువనున్న నదీగర్భం కూడా జలాశయంలో భాగమనే అనుకోండి. రాళ్ల మధ్య పాదాలు తడిసేంత నీరు పారుతూ, ఫొటోలు దిగడానికి, కూర్చుని తినడానికి అనువుగా ఉండే చోటు అది. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీటిలో, హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్లిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. వాళ్లు ఈతకు దిగలేదు, నదిలోని రాళ్ల మీద నిలబడి ఉన్నారు. నేను నేర్పే ప్రతి బృందానికీ ఈ సంగతి చెబుతాను. దిగువన నీరు పెరగడం చూశాక పరిగెత్తే సమయం ఉండకపోవచ్చు. సైరన్ వినబడినా, నీటి రంగు మారి చెత్తాచెదారం కొట్టుకొస్తున్నట్టు కనిపించినా, వస్తువులు వదిలేసి గట్టెక్కాలి. అంతకంటే మంచిది అక్కడికి వెళ్లకపోవడమే.

తాగునీటి శుభ్రత గురించి మీరు కాస్త తేలిగ్గా రాశారు. ఎలాగూ శుద్ధి చేస్తారు కదా అన్నారు. శుద్ధి చేస్తారు, కానీ శుద్ధి కేంద్రం సర్వశక్తిమంతం కాదు. మనిషి నీళ్లలో దిగితే శరీరం నుంచి, ముఖ్యంగా చిన్నపిల్లల నుంచి, విరేచనాలు కలిగించే క్రిములు నీళ్లలో చేరతాయి. వాటిలో క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి సాధారణ మోతాదు క్లోరిన్‌కు చావదు. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో అది శుద్ధి కేంద్రాన్ని దాటి కుళాయిల్లోకి వచ్చి సుమారు 4 లక్షల మందిని జబ్బున పడేసింది. అక్కడ కారణం ఈతగాళ్లు కారు, కానీ అది వడపోతను తప్పించుకుంటే ఏమవుతుందో ఆ ఘటన చూపించింది. బోస్టన్ ప్రాంతానికి నీరిచ్చే క్వాబిన్ జలాశయంలో నిర్దేశించిన భాగంలో పడవ మీద చేపలు పట్టనిస్తారు, ఈత మాత్రం నిషిద్ధం. అంటే మీరు చూసిన బోర్డులోని నియమం మీ ఊరి అధికారులకు తోచిన వింత కాదు.

ఇప్పుడు మీరు చేయగలిగినదాని గురించి, అంటే పడవ గురించి. నిశ్చలమైన జలాశయంలో కయాక్‌కు అసలు ప్రత్యర్థి గాలి. అలల ఎత్తు మూడింటిని బట్టి ఉంటుంది: గాలి వేగం, అది ఎంతసేపు వీచింది, అడ్డు లేకుండా ఎంత దూరం నీటి మీద ప్రయాణించింది. ఆనకట్ట చాటున, కొండ చాటున బయలుదేరేటప్పుడు నీరు కదలకుండా కనిపిస్తుంది. గాలి మీ వీపువైపు నుంచి వీస్తుంటే పడవ హాయిగా ముందుకు సాగుతుంది. చాటు దాటి మధ్యలోకి వచ్చాక వెనక్కి తిరిగితేనే దాని బలం తెలుస్తుంది. గాలి వేగం రెట్టింపైతే పడవ మీద దాని తోపు నాలుగింతలవుతుంది. గాలి నింపిన కయాక్ బరువు తక్కువ, నీటిపైన ఎత్తుగా తేలుతుంది, కాబట్టి మిగతావాటికంటే త్వరగా కొట్టుకుపోతుంది. అందుకే వెళ్లేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్లండి, అలసిన తర్వాత గాలివాటున తిరిగి రండి. ఎండ ముదిరేకొద్దీ నేల వేడెక్కి గాలి లేస్తుంది కాబట్టి తెల్లవారి వెళ్లి పొద్దెక్కేలోపు తిరిగి రావడం మేలు. పిల్లలతో ఉన్నప్పుడు మధ్యలోకి అసలు పోవద్దు. ఒడ్డు వెంబడే, అవసరమైతే చేరుకోగలిగినంత దగ్గరలో నడపండి.

నా దగ్గర నేర్చుకున్న ఒక దంపతుల పడవను మధ్యాహ్నపు గాలి అవతలి ఒడ్డు వైపు నెట్టుకుపోయింది. ఎంత తెడ్డు వేసినా ముందుకు సాగకపోయేసరికి భర్త దూకి ఈదుకుంటూ వెళ్లి సహాయం తెస్తానన్నాడట. భార్య వద్దని పట్టుబట్టింది. ఇద్దరూ తెడ్లు లోపల పెట్టి, తక్కువగా కూర్చుని, గాలి తీసుకెళ్లినంత దూరం వెళ్లి అవతల ఒడ్డున ఆగారు. మేము మోటారు పడవలో వెళ్లి తీసుకొచ్చాం. ఆమె చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. పడవ తిరగబడినా సరే, దాన్ని వదిలి ఈదవద్దు. నీళ్లలో ఒక్క తల దూరం నుంచి కనిపించదు, రంగు పడవ కనిపిస్తుంది. పైగా ఒడ్డు ఎంత దూరముందో నీళ్లలోంచి చూసేవారు తరచుగా తక్కువగా అంచనా వేస్తారు.

మీ కయాక్‌కు సంబంధించిన ఒక చిన్న కిటుకు. గట్టు మీద వేడిగా ఉన్నప్పుడు గాలి నిండుగా కొట్టి చల్లటి నీళ్లలోకి దించితే లోపలి గాలి కుంచించుకుని గొట్టాలు మెత్తబడతాయి, పడవ మధ్యలో వంగుతుంది. అందుకని కొద్దిగా తక్కువ కొట్టి, నీళ్లలో దించి, కొన్ని నిమిషాలు ఆగి, అప్పుడు మిగతా గాలి నింపండి. తిరిగి గట్టెక్కించాక ఎండలో అలాగే వదిలితే గాలి వ్యాకోచించి కుట్లు విడిపోయే ప్రమాదం ఉంది. కాస్త గాలి తీసి నీడలో పెట్టండి.

లైఫ్ జాకెట్ కొనేటప్పుడు లోపలి లేబుల్ చదవండి. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 12402 ప్రకారం వాటికి తేలుడు బలాన్ని న్యూటన్లలో ఇస్తారు. 50 న్యూటన్లది ఈత వచ్చి, సహాయం దగ్గరలో ఉన్నవారికి. 100 న్యూటన్లది ప్రశాంతమైన నీళ్లకు. 150 న్యూటన్లది స్పృహ తప్పిన మనిషిని కూడా వెల్లకిలా తిప్పగలిగేలా తయారైనది. మీ ఇద్దరికీ 50 సరిపోతుంది, పిల్లలకు మెడ వెనుక దిండు ఉన్న 100 తీసుకోండి. పిల్లల జాకెట్ వయసును బట్టి కాక బరువును బట్టి కొనాలి. పెరుగుతారు కదా అని పెద్ద సైజు కొనడం నేను చాలా తరచుగా చూసే తప్పు. జాకెట్ వేసి, బెల్టులన్నీ బిగించి, కాళ్ల మధ్య పట్టీ పెట్టి, భుజాల దగ్గర పట్టుకుని పైకెత్తి చూడండి. పాప గడ్డం, చెవులు జాకెట్ లోపలికి జారిపోతే అది పనికిరాదు. చేతులకు తొడిగే గాలి బుడ్డీలు, ట్యూబులు ఆటవస్తువులు మాత్రమే.

మరో విషయం తల్లిదండ్రులందరికీ చెప్పాలనిపిస్తుంది. మునిగిపోతున్న మనిషి కేకలు వేస్తాడని, చేతులు ఊపుతాడని అనుకుంటాం. ఊపిరి అందని మనిషికి అరవడానికి ఊపిరి ఉండదు. తల వెనక్కి వాలి, నోరు నీటి అంచున తెరుచుకుంటూ మూసుకుంటూ, చేతులు పక్కలకు చాచి నీటిని కిందికి నొక్కుతూ, నిలువుగా ఉండిపోతాడు. ఇది 20 నుంచి 60 సెకన్లకు మించి సాగకపోవచ్చు. ఒడ్డున కూర్చున్న పెద్దవాళ్లలో ఒకరు ఫోను పక్కన పెట్టి నీళ్లవైపే చూస్తూ ఉండాలి, ఆ పని వంతులవారీగా మారాలి. ఎవరైనా మునుగుతుంటే వెంట దూకకండి. పట్టు దొరికిన మనిషి రక్షించేవాణ్ణి కూడా కిందికి తోస్తాడు. తెడ్డు చాచండి, తాడు విసరండి, మూత బిగించిన ఖాళీ డబ్బా విసిరినా పట్టుకుని తేలవచ్చు. బయటికి తెచ్చాక శ్వాస లేకపోతే కడుపు నొక్కి నీరు కక్కించే ప్రయత్నంలో సమయం పోగొట్టవద్దు. మునిగిన మనిషికి కొరవడింది ప్రాణవాయువు కనుక ముందు నోటితో శ్వాస ఇవ్వాలి, ఆ తర్వాత ఛాతీ నొక్కులు కొనసాగించాలి. మీ దంపతులిద్దరూ ఒకసారి శిక్షణ తీసుకుంటే దీని మీద ధైర్యం వస్తుంది.

నీటి రంగు కూడా చూడండి. వేసవి చివర గాలివాలు ఒడ్డున పచ్చరంగు పెయింటు ఒలికినట్టు తెట్టు కడితే అది నీలి ఆకుపచ్చ శైవలం కావచ్చు. దానిలో కొన్ని రకాలు కాలేయానికి హాని చేసే మైక్రోసిస్టిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి, నీటిని మరిగించినా అది పోదు. విహార జలాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 24 మైక్రోగ్రాములు, కానీ అది ప్రయోగశాలలో తేలే సంఖ్య. మీ వరకు నియమం తేలిక: తెట్టు కనిపిస్తే ఆ రోజు ఆ వైపు పడవ దించకండి, కుక్కను తీసుకెళ్తే దాన్ని నీళ్ల దరిదాపులకు పోనివ్వకండి. పడవను ఒక జలాశయం నుంచి మరోదానికి తీసుకెళ్లే ముందు కడిగి పూర్తిగా ఆరబెట్టడం కూడా అలవాటు చేసుకోండి. గుర్రపుడెక్క ముక్క ఒక్కటి అంటుకుని వెళ్లినా కొత్త చోట అల్లుకుపోతుంది.

నీళ్లలో దిగకపోతే పిల్లలకు సరదా ఉండదని రాశారు. దాంతో నేను ఏకీభవించను. నీటిమట్టం తగ్గే కాలంలో జలాశయం ఒడ్డు పక్షులకు పండుగ. లోతు తక్కువైన అంచుల్లో కొంగలు, ఉల్లంకులు బారులు తీరి తింటాయి. ఒక బైనాక్యులర్ ఇస్తే మీ బాబు రెండు గంటలు కదలడు. నీరు తగ్గిన గులకనేల మీద చిన్న ఉల్లంకులు, రేవుపిట్టలు గూడంటూ కట్టకుండా చిన్న గుంటలో గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు గులకరాళ్ల రంగులోనే ఉండి, పాదం పక్కనే ఉన్నా కళ్లకు ఆనవు. ఒక పిట్ట మీ ముందు రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ పోతుంటే అది గాయపడిందని వెంటపడకండి; గుడ్ల నుంచో పిల్లల నుంచో మిమ్మల్ని దూరంగా తీసుకెళ్తోంది. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్లిపోండి. మా తరగతుల్లో పిల్లలు పడవకంటే ఎక్కువగా గుర్తుపెట్టుకునేది ఇదే.

ఈత కూడా కావాలంటే అందుకు ప్రత్యేకంగా హద్దులు కట్టిన జలాశయాలు కొన్ని ఉంటాయి. ఇసుక పోసి వాలు సరిచేసి, తాళ్లతో గిరి గీసి, లైఫ్‌గార్డును పెట్టి, నీటి పరీక్ష ఫలితాలను బోర్డు మీద రాసే చోటు ఉందేమో జలాశయ కార్యాలయంలో అడగండి. ఈ నాలుగింటిలో ఒకటి లేకపోయినా నేను పిల్లలను దింపను. అదే కార్యాలయంలో మీరు వెళ్లే రోజు నీటి విడుదల ఉందా, ఇప్పుడు మట్టం ఎంత ఉంది అని కూడా అడిగి బయలుదేరండి.

పాపకు విడి పడవ ఇవ్వకండి. ఎనిమిదేళ్ల పిల్లకు తెడ్డు వేయడం వస్తుంది కానీ, గాలికి ఎదురొడ్డి వెనక్కి తిరిగే బలం ఉండదు. ఆమెను మీలో ఒకరి పడవలో ముందు కూర్చోబెట్టి చిన్న తెడ్డు ఇవ్వండి, బాబు రెండో పడవలో ఇంకొకరితో ఉంటాడు. రెండు పడవలూ మాట వినబడేంత దూరంలోనే సాగాలి.